పాలెముల నుండి పారాచూటు వరకు

కోయంబత్తూరు, మధుర సీమలలో స్థిరపడిన తెలుగువారు నలుగురు కలిసిన చోట పూర్వుల ప్రస్తావన రాక తప్పదు. "మాది ఫలానా పాలెము, మా ముత్తాతల నాడు ఇంటి ముందు గుర్రాలు కట్టి ఉండేవి" అని ఒకరంటే, "మావారు విశ్వనాథ నాయకుని వెంట వచ్చినవారు" అని మరొకరంటారు. తమిళదేశం నడుమ నాలుగైదు వందల ఏండ్లుగా ఇంట తెలుగును నిలుపుకొన్నవారికి ఆ మాత్రం అభిమానం ఉండడం సహజమే. దానిని ఆక్షేపించనక్కరలేదు. అయితే "మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అన్న సామెత కూడ మన తెలుగు ఇళ్లలోనిదే. తాతలు యోధులన్న మాట నిజం. ఆ యోధత్వం వారికి ఎట్లా అబ్బింది, ఎవరు నేర్పారు, ఏ పరీక్షకు నిలిచి వారు నాయకులైనారు అన్న ప్రశ్న మాత్రం మనం తరచుగా వేసుకోము.

ఈ చిన్న వ్యాసంలో ఆ ప్రశ్ననే చేపట్టదలచాను. నాటి పాలెములో నాయకుడు తయారైన విధానాన్ని, నేటి సైన్యంలో ఆఫీసరు తయారయ్యే విధానాన్ని పక్కపక్కన పెట్టి చూడాలని సంకల్పం. నేటి శిక్షణలన్నిటిలో నాయకుని గుణదోషాలు దాగడానికి వీలులేనిది పారాచూటు శిక్షణ. కనుక దానినే గీటురాయిగా తీసుకొంటున్నాను.

పాలెములు వెలసిన విధం

విజయనగర ప్రభువుల ప్రతినిధిగా విశ్వనాథ నాయకుడు మధురకు వచ్చినది 1529 ప్రాంతంలో అని చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. అతని తండ్రి నాగమ నాయకుని కథ మన ఇళ్లలో చాలమందికి తెలిసినదే. పాండ్యునికి సాయంగా పంపబడిన నాగముడు మధురను తానే ఏలుకోజూశాడట. "అతనిని పట్టి తేగలవాడెవడు?" అని రాయలు నిండు సభలో అడిగితే, కన్నకొడుకైన విశ్వనాథుడే ముందుకు వచ్చి, తండ్రిని బంధించి తెచ్చాడట. ఇది వంశచరిత్రలు చెప్పే కథ. మన పూర్వులు దీనిని తరతరాలుగా చెప్పుకొంటూ రావడంలోనే ఒక భావం ఉన్నది. మధుర పీఠం విశ్వనాథునికి రక్తబంధం వల్ల రాలేదు. రక్తబంధం ఒకవైపు, కర్తవ్యం ఒకవైపు నిలిచినప్పుడు అతడు కర్తవ్యం వైపు నిలిచినందున వచ్చినది. మన వంశగౌరవాలన్నిటికీ మూలమైన కథే వంశం కంటె పరీక్ష గొప్పదని చెబుతున్నది గదా!

విశ్వనాథునికి కుడిభుజమైనవాడు దళవాయి అరియనాథ మొదలియారు. ఆయన తమిళుడు. తెలుగు నాయకుడు, తమిళ దళవాయి కలిసి కుదిర్చిన ఏర్పాటే 72 పాలెములు. మధుర కోటకు 72 కొత్తళములు కట్టించి, ఒక్కొక్క కొత్తళము కావలి ఒక్కొక్క పాలెగానికి అప్పగించారని ప్రసిద్ధి. పాలెగాండ్రలో తెలుగుదేశం నుండి వచ్చినవారు ఉన్నారు; అంతకుముందే ఆ నేలపై ఉన్న తమిళ నాయకులూ ఉన్నారు. పాలెగాడు తన సీమలో శిస్తు వసూలు చేసి, ఒక భాగం మధురకు కట్టి, ఒక భాగంతో సేనను పోషించి, మిగిలినది తాను అనుభవించేవాడు. దొంగల బారినుండి ఊళ్లను కాపాడే బాధ్యత అతనిదే. ఆనాటి కోట నేడు లేదు. 19వ శతాబ్దంలో గోడలు పడగొట్టి, కందకం పూడ్చి, ఆ స్థలంలో వీథులు వేశారు. మీనాక్షి ఆలయంలో వేయికాళ్ల మండపం వాకిట గుర్రంమీద ఉన్న అరియనాథుని శిల్పం మాత్రం నేటికీ చూడవచ్చు.

పాలెము బడి

పాలెములలో సైనిక పాఠశాల అని వేరుగా ఏదీ లేదు. ఊరే పాఠశాల. మగపిల్లవానికి నడక దృఢపడగానే చేతికి కర్ర వచ్చేది. తెలుగువారి కర్రసాము, తమిళుల శిలంబం ఒకే మైదానంలో పెరిగిన విద్యలు. తరువాత ఈటె, కత్తి, స్తోమత గలవారికి గుర్రపుస్వారి. మధుర, తిరునల్వేలి పల్లెలలో ‘ఇళవట్టకల్లు’ అనే గుండ్రాయి ఊరి నడుమ పడి ఉండడం కొందరైనా చూసి ఉంటారు. పడుచువాడు దానిని ఎత్తి భుజం మీదుగా వెనుకకు పడవేయగలిగితే పెళ్లికి తగినవాడని ఊరు ఒప్పుకొనేది. జల్లికట్టు ఎద్దు మూపురం పట్టి వేలాడడం మరొక పరీక్ష. అలంగానల్లూరు, పాలమేడులలో అది ఈనాటికీ ఏటేటా జరుగుతున్నది.

రాజకంబళం వారి దేవరాట్టం కూడ ఈ సందర్భంలో గమనింపదగినది. దానికి పాట లేదు. డోలు దెబ్బకు అనుగుణంగా ముందున్నవాడు అడుగు వేస్తాడు. వెనుక వరుసలోనివారు అదే అడుగు అందుకొంటారు. దెబ్బ మారితే అడుగు మారుతుంది. పండుగనాడు చూస్తే అది నాట్యం. సైనికుని కంటితో చూస్తే, వరుస తప్పకుండ, నాయకుని కదలికను కనిపెట్టి నడిచే కవాతుకు అది ఎంత దగ్గరగా ఉన్నదో తెలుస్తుంది.

ఆ కాలపు ఆయుధవిద్యను గురించి ఒక మంచి సాక్ష్యం శత్రుపక్షం నుండి లభించింది. కుంపిణీ సేనలో పనిచేసిన జేమ్స్ వెల్ష్ అనే ఆఫీసరు 1830లో తన సైనిక జ్ఞాపకాలను అచ్చు వేయించాడు. ఈటె విసరడం, వంపు తిరిగిన వళరికర్రను గురిచూసి విసరడం తనకు నేర్పినవాడు శివగంగ చిన్న మరుదు అని అందులో కృతజ్ఞతతో వ్రాసుకొన్నాడు. 1801 యుద్ధంలో ఆ గురువుకే ఎదురు నిలవవలసి రావడం అతనికి కలిగిన దుఃఖం. నేర్పినవాని గొప్పతనం, నేర్చుకొన్నవాని మర్యాద రెండూ అందులో ఉన్నవి.

ఈ బడిలో మరొక విశేషం ఉన్నది. నాయకుడు, బంటు ఒకే ఊరివారు. నాయకుని ఈటెకు మొన కొట్టిన కమ్మరి, జీను కుట్టిన తోలుపనివాడు, తలపాగ నేసిన సాలెవాడు అందరూ అతని కళ్లముందే ఉండేవారు. మన వలసలో వచ్చినవారంటే గుర్రమెక్కినవారొక్కరే కారు. తెలుగు మాట్లాడే దేవాంగులు, కమ్మవారు, బలిజలు, రెడ్లు, కంబళం వారు, తోలుపని చేసిన అరుంధతీయులు అందరూ ఈ నేలలో పాతుకొన్నవారే. ఒకరి పని సరిగా లేకపోతే మరొకరి ప్రాణం పోయేది. ఈ మాటను గుర్తుంచుకోండి. పారాచూటు దగ్గర మళ్లీ పనికివస్తుంది.

ఆ బడిలోని లోపం

మంచిని చెప్పుకొన్నప్పుడు చెడును దాచరాదు. పాలెము బడిలో బంటుకు పరీక్ష ఉన్నది. నాయకునికి మాత్రం పుట్టుకే పరీక్ష. పాలెగాని కొడుకు పాలెగాడు. అతడు శూరుడైతే పాలెము అదృష్టం, కాకపోతే దురదృష్టం. ఎంత ఒడుపుగల బంటు అయినా నాయకుని స్థానానికి ఎక్కే నిచ్చెన లేదు. ఇది మొదటి లోపం.

రెండవది, ఒక్కొక్క పాలెము తన మేర దాటి చూడలేకపోయింది. పాంచాలంకురిచ్చి కట్టబొమ్మ నాయకుడు, ఎట్టయాపురం పాలెగాడు ఇద్దరూ తెలుగు మూలంగల వంశాలవారే. ఇరుగుపొరుగువారు. కుంపిణీవారితో పోరు వచ్చినప్పుడు ఒకరు కుంపిణీకి ఎదురు నిలిచారు, మరొకరు కుంపిణీ పక్షం వహించారు. కట్టబొమ్మన 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరికంబం ఎక్కాడు. దిండుగల్లు సీమలో విరూపాక్షి గోపాల నాయకుడు పలు పాలెములను కూడగట్టి, 1800 జూనులో కోయంబత్తూరులోని కుంపిణీ సేనమీద దెబ్బతీయడానికి ఏర్పాటు చేశాడు. ఒకేసారి కలిసి దూకవలసిన దళాలు ఒకేసారి చేరుకోలేకపోయినవి; ప్రయత్నం విఫలమైంది. 1801లో గోపాల నాయకుడూ ఉరితీయబడ్డాడు. శౌర్యానికి కొరత లేదు. వేరువేరు ఊళ్లలో వేరువేరుగా పెరిగిన దళాలను ఒక్క గంటకు ఒక్కచోటికి తేగల ఉమ్మడి శిక్షణకే కొరత.

1801 డిసెంబరులో మద్రాసు గవర్నరు ఎడ్వర్డు క్లైవు ప్రకటనతో పాలెములవారి ఆయుధాలు పోయినవి. మిగిలినవారు జమీందారులైనారు. వారి బంట్లు నాగలి పట్టారు. కోయంబత్తూరు నల్లరేగడిలో పత్తి పండించారు; తరువాతి తరాలవారు ఆ పత్తిని ఆడించే మిల్లులు నిలిపారు. ఈ కథ మనకు బాగా తెలిసినదే. దానితోబాటు ఒక తలుపు మూసుకొన్నదన్న సంగతి అంతగా తెలియదు.

మూసుకొన్న తలుపు

కుంపిణీ తొలినాటి సేనలో తెలుగు సిపాయిలు విరివిగా ఉండేవారు. ఉత్తరాదిన సిపాయిని ‘తిలంగా’ అని పిలిచేవారంటే ఆ సంఖ్యను ఊహించుకోవచ్చు. 19వ శతాబ్దం గడిచేకొద్దీ ‘యుద్ధజాతులు’ అనే సిద్ధాంతం ఒకటి బయలుదేరింది. యుద్ధం చేయడం కొన్ని జాతులకే పుట్టుకతో వస్తుందని, దక్షిణాదివారు దానికి పనికిరారని తెల్లదొరలు తీర్మానించారు. మద్రాసు పటాలాలు ఒక్కొక్కటే తగ్గిపోయి, 1920లలో మద్రాసు రెజిమెంటు అన్న పేరే కొంతకాలం లేకుండా పోయింది. పాలెము నాయకత్వం పుట్టుక చూసి ఇచ్చినట్లే, తెల్లదొరలు సైనికత్వాన్నే పుట్టుక చూసి నిర్ణయించారన్నమాట. మన పాత లోపమే కొత్త వేషంలో మన మీదికి వచ్చింది!

ఇక ఆఫీసరు పదవి సంగతి చెప్పనక్కరలేదు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసేనాటికి గాని ఇంగ్లండులోని శాండ్‌హర్స్టు కళాశాలలో భారతీయ యువకులకు చోటు దొరకలేదు. అదీ ఏటా వేళ్లమీద లెక్కించదగినన్ని చోట్లు. 1932లో డెహ్రాడూనులో భారత సైనిక అకాడమీ 40 మంది కేడెట్లతో ప్రారంభమైనప్పుడు ఆ తలుపు కొంచెం తెరుచుకొన్నది. దానిని బార్లా తెరిచినది రెండవ ప్రపంచయుద్ధం. అప్పుడే మన కథలోకి పారాచూటు వచ్చింది.

విమానం తలుపు

1940లో జర్మను సేనలు పారాచూట్లతో దిగి కోటలు పట్టుకోవడం చూసి బ్రిటిషువారు తామూ అట్టి దళాలను తయారుచేయ సంకల్పించారు. ఆ మీదట 1941 అక్టోబరులో ఢిల్లీలో 50వ భారత పారాచూటు బ్రిగేడు ఏర్పడింది. విల్లింగ్డన్ విమానాశ్రయంలో శిక్షణశాల పెట్టారు. తరువాత అది రావల్పిండి దగ్గరి చక్లాలకు మారింది. దేశ విభజన తరువాత మన పారాచూటు శిక్షణశాల ఆగ్రాలో స్థిరపడి నేటికీ అక్కడే ఉన్నది.

భారతీయులలో సైనిక పారాచూటుతో మొట్టమొదట దూకినవారుగా ఇద్దరి పేర్లు చెబుతారు. ఒకరు హవల్దారు మేజరు మథురా సింగు. మరొకరు 152వ భారత పారాచూటు బెటాలియను వైద్యుడు, ఆర్కాటు గోవిందరాజ్ రంగరాజ్. ‘యుద్ధజాతుల’ పట్టికలో చోటులేని దక్షిణాది మనిషి, అందులోనూ చేత మందుల సంచి పట్టుకొన్న డాక్టరు, దేశంలో ముందుగా దూకినవారిలో ఒకడు కావడం ఆ సిద్ధాంతానికి తగిన సమాధానం. రంగరాజ్ కథ అంతటితో ముగియలేదు. కొరియా యుద్ధంలో 60వ పారాచూటు ఫీల్డు అంబులెన్సుకు అధిపతిగా వెళ్లి, 1951 మార్చి 23న అమెరికా దళాలతోబాటు తన వైద్యబృందం మున్సాన్ దగ్గర గాలిలోనుంచి దిగినప్పుడు తానూ దూకాడు. గాయపడినవారికి చికిత్స చేశాడు. మహావీరచక్ర పొందాడు.

పారాచూటు దళాలు చేసిన యుద్ధాలు ఇక్కడ వివరించడానికి చోటు చాలదు. 1945 మే 1న రంగూను దగ్గర ఎలిఫెంటు పాయింటు వద్ద గూర్ఖాలు దిగడం, 1971 డిసెంబరు 11న టాంగైలులో 2వ పారా బెటాలియను దిగి ఢాకా వైపు వెనుకకు మళ్లుతున్న శత్రుసేనకు అడ్డుపడడం, ఈ రెండు చెప్పుకొంటే చాలు. 1800లో గోపాల నాయకునికి దొరకనిది టాంగైలులో దొరికింది. దేశం నలుమూలల నుండి వచ్చిన మనుషులు ఒకే సాయంకాలం, ఒకే నేలమీదికి, అనుకొన్నవిధంగా చేరుకోగలిగారు.

దూకడం నేర్పే విధం

పారాచూటు శిక్షణ అంటే ధైర్యవంతుని విమానమెక్కించి తోసివేయడమని కొందరు అనుకొంటారు. అది పొరపాటు. శిక్షణలో ఎక్కువ భాగం నేలమీదనే జరుగుతుంది. ముందు నేర్పేది దూకడం కాదు, పడడం. పాదాలు, మోకాళ్లు కలిపి ఉంచి, నేల తగలగానే బరువును పిక్క, తొడ, తుంటి, వీపు పక్కభాగం మీదుగా దొర్లించాలి. రెండు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడజూచినవాని కాలు విరుగుతుంది. ఈ దొర్లుడు ఒంటికి అలవాటు కావడానికి ఎత్తు అరుగుల మీదనుంచి వందలసార్లు దూకిస్తారు. తరువాత విమానం ఆకారంలో కట్టిన నమూనా తలుపు దగ్గర నిలబడడం, పట్టెడలకు వేలాడుతూ దిశ తిప్పుకోవడం, గొడుగు సరిగా విచ్చుకొన్నదా అని తలెత్తి చూసుకోవడం నేర్పుతారు. నేర్పేవారు వైమానిక దళంవారు. నేర్చుకొనేవారు ఎక్కువగా పదాతి దళంవారు.

అటు తరువాత అసలు విమానం. సుమారు 1,250 అడుగుల ఎత్తున ఎగురుతుంది. ఒకప్పుడు డకోటాలు, ప్యాకెట్లు. ఆ తరువాత ఆన్-32, ఇంకా పెద్ద విమానాలు. పారాచూటు తాడు కొక్కెం విమానంలోని తీగెకు తగిలించి ఉంటుంది. మనిషి బయటికి దూకగానే ఆ తాడు లాగి గొడుగును తానే విప్పుతుంది. ఛాతీమీద మరొక గొడుగు ఉంటుంది, మొదటిది మొరాయిస్తే వాడుకోవడానికి. ఎర్రదీపం వెలిగితే లేచి నిలబడాలి. ఒకరి కొక్కెం ఒకరు, ఒకరి వీపుమీది సంచి ఒకరు పరీక్షించుకోవాలి. పచ్చదీపం వెలిగితే దూకాలి. నేలను చేరేది ఒకటి ఒకటిన్నర నిమిషంలో. ఆగ్రా దగ్గర మాల్పురా మైదానంలో ఇట్లా అయిదు దూకులు దూకి నేర్పు చూపినవానికి రొమ్ముమీద రెక్కల గుర్తు లభిస్తుంది.

ఇక్కడ పాలెము బడి గుర్తుకు రావాలి. దూకేవాడు తన గొడుగును తాను మడవడు. ఎవరో ఒక మనిషి, దూకేవాని ముఖం ఎన్నడూ చూడనివాడు, బల్లమీద ఆ బట్టను మడత మడతగా పేర్చి, తాళ్లను వరుసగా సర్ది, సంచిలో పెట్టి ఉంచుతాడు. ఆ బట్ట నేసిన మరొకరు, కుట్టిన వేరొకరు కాన్పూరు పారాచూటు కర్మాగారంలోనివారు కావచ్చు. ఈటె మొన కొట్టిన కమ్మరిని నమ్మి పాలెము బంటు యుద్ధానికి పోయినట్లే, ఆ మడతను నమ్మి నేటి సైనికుడు దూకుతున్నాడు. నేతపని, కుట్టుపని తమ కులవృత్తులుగా గలవారు మనలో ఎందరో ఉన్నారు. యుద్ధగాథ చెప్పుకొన్నప్పుడు వారి వాటా వారికి ఇవ్వడం న్యాయం.

ఒకే తలుపు

ఆఫీసరు కాబోయే కేడెట్టుకు ఈ శిక్షణతో సంబంధం ఏమిటి? ఫ్రాన్సులో సాంసీరు సైనిక విద్యాలయం కేడెట్లు చదువుకొనే రోజులలోనే పారాచూటు నేర్చుకొంటారు. అమెరికాలో వెస్టు పాయింటు కేడెట్లు అనేకులు వేసవి సెలవులలో బెన్నింగులోని శిక్షణశాలకు వెళ్లి రెక్కలు సంపాదిస్తారు. మన దేశంలో అకాడమీ కేడెట్లందరూ దూకరు. శిక్షణ ముగించి ఆఫీసరైన యువకుడు పారాచూటు దళంలో చేరదలిస్తే స్వచ్ఛందంగా ముందుకు రావాలి. ఆ తరువాత కొన్ని వారాలపాటు పరిశీలనకాలం. బరువు మోస్తూ పరుగు, నిద్రలేని రాత్రులు, అలసిన తలతో లెక్కలు, దారి కనుక్కోవడం. చాలమంది మధ్యలోనే వెనుతిరుగుతారు. నిలిచినవారు ఆగ్రాకు పోతారు.

ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆఫీసరుకు వేరే కోర్సు, జవానుకు వేరే కోర్సు లేదు. ఒకే అరుగు, ఒకే దొర్లుడు, ఒకే ఎత్తు, ఒకే తలుపు. రేపు తన ఆజ్ఞకు లోబడవలసిన జవాను పక్కనే ఆఫీసరు బురదలో దొర్లుతాడు. భయపడితే ఆ జవాను చూస్తాడు. విమానంలో తరచుగా తలుపు దగ్గర మొదట నిలిచేవాడు ఆఫీసరే. వెనుకనున్నవానికి ముందున్నవాని వీపు కనపడుతుంది. ఆ వీపు వెనుకాడితే ఏ ఉపన్యాసమూ పనికిరాదు. పారాచూటు రెజిమెంటులో ఫలానా కులం, ఫలానా ప్రాంతం అన్న నియమం లేదు. అన్ని ప్రాంతాలవారూ స్వచ్ఛందంగా చేరేదే. పాలెము బడిలోని మంచిగుణం, అనగా నాయకుడు, బంటు ఒకేచోట పెరగడం, ఇక్కడ నిలిచింది. దానిలోని లోపం, అనగా పుట్టుకతో వచ్చే నాయకత్వం, ఇక్కడ తొలగింది. తండ్రి సేనాపతి అయినా కొడుకుకు రెక్కలు వారసత్వంగా రావు.

మన వాకిట

ఇదంతా ఎక్కడో ఆగ్రాలో, డెహ్రాడూనులో జరిగే సంగతి అనుకోనక్కరలేదు. మన ఊళ్ల వాకిటనే దాని మొదటి మెట్లు ఉన్నవి.

ఉడుమలపేట దక్షిణాన తళి అనే ఊరున్నది. కుంపిణీకి ఎదురు తిరిగిన తళి ఎత్తలప్ప నాయకుని పాలెము అది. దానికి సమీపాన, అమరావతి ఆనకట్ట పక్కన, 1962లో అమరావతినగరు సైనిక్ స్కూలు వెలసింది. ఆ సీమ అప్పుడు కోయంబత్తూరు జిల్లాలోనిది. నేడు తిరుప్పూరు జిల్లాలోనిది. అదే సంవత్సరం ఆంధ్రదేశంలో విజయనగరం దగ్గర కోరుకొండలో కూడ ఒక సైనిక్ స్కూలు వచ్చింది. పాలెగాని కొడుకు మాత్రమే నాయకుడు కాగలిగిన నేలమీద నేడు ఆరవ తరగతి పిల్లవాడు, ఎవరి కొడుకైనా సరే, పరీక్ష వ్రాసి చేరి, జాతీయ రక్షణ అకాడమీకి సిద్ధం కావచ్చు. కొన్నేండ్లుగా ఆడపిల్లలకూ ప్రవేశం ఉన్నది.

కోయంబత్తూరు రెడ్‌ఫీల్డ్సులో వైమానికదళ పరిపాలన కళాశాల ఉన్నది. లాహోరులో మొదలైన ఆ సంస్థ 1946లో ఇక్కడికి వచ్చింది. ఎన్నో తరాల వైమానిక ఆఫీసర్లు అక్కడ పాఠాలు నేర్చారు. అదే నగరంలో నౌకాదళం వారి నాయకత్వ శిక్షణాసంస్థ ‘అగ్రణి’ ఉన్నది. పొరుగున సూలూరులో వైమానిక స్థావరం ఉన్నది. పారాచూటు దళాలు దూకే ఆన్-32 విమానాలు మన మిల్లుల పొగగొట్టాల మీదుగానే ఎన్నోసార్లు ఎగిరినవి. మద్రాసు పరంగిమలలో 1963లో స్థాపించిన ఆఫీసర్ల శిక్షణశాలలో 1992 నుండి స్త్రీలు కూడ ఆఫీసర్లుగా తయారవుతున్నారు. ఇక కళాశాలలలోని ఎన్.సి.సి. కేడెట్లలో ఎంపికైనవారికి ఆగ్రాలో పారాచూటు నేర్చుకొని దూకే అవకాశం ఉన్నది. పద్ధెనిమిది, పందొమ్మిదేండ్ల విద్యార్థి, విద్యార్థిని సైన్యంలో చేరకముందే రెక్కలు సంపాదించుకోవచ్చునన్నమాట.

ఆడపిల్లలు దూకడమేమిటని ఆశ్చర్యపడేవారు ఇంకా ఉన్నారు. వైమానికదళ వైద్యురాలు గీతా చందా 1959లోనే దూకి, పారాచూటుతో దిగిన తొలి భారతీయ స్త్రీగా పేరు పొందింది. 1689లో పసిమనుమని పక్షాన మధుర రాజ్యభారం వహించి, సేనలను నడిపించిన రాణి మంగమ్మ పేరు గొప్పగా చెప్పుకొనే మనకు ఇందులో ఆశ్చర్యపడవలసినదేమున్నది?

తల్లుల మనసులోని భయాన్ని నేను తేలికగా చూడడం లేదు. ఒక్కగానొక్క బిడ్డను విమానం తలుపు దగ్గర నిలబెట్టడానికి ఏ తల్లి ఒప్పుకొంటుంది? ప్రమాదం లేదని చెప్పడం అబద్ధం. అయితే 1,250 అడుగుల ఎత్తు నుండి దూకేవానికి ముందు వందలసార్లు నాలుగడుగుల అరుగుమీదనుంచి పడడం నేర్పుతారన్న సంగతి కూడ ఆ తల్లికి తెలియాలి. భయాన్ని దాచుకొనే విద్య అక్కడ నేర్పరు. భయంతోనే పనిని పద్ధతిగా చేసే విద్య నేర్పుతారు. ఇది సైన్యంలో చేరని బిడ్డకు కూడ పనికివచ్చే చదువు.

మన సంఘాలు ఏటా ఉగాదికి పంచాంగశ్రవణం జరిపించి, పిల్లలకు పాటల పోటీలు, పద్యాల పోటీలు పెడుతున్నవి. సంతోషం. వాటితోబాటు సైనిక్ స్కూలు ప్రవేశపరీక్ష ఎప్పుడు, ఏ తరగతికి, ఎట్లా వ్రాయాలి, కళాశాలలో ఎన్.సి.సి.లో చేరడం ఎట్లా అన్న వివరాలు ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి చెప్పించితే ఎంతో మేలు. పల్లెలలో నేతపని, తోలుపని, కూలిపని చేసుకొనే తెలుగు కుటుంబాల పిల్లలను కూడ ఆ సభకు పిలవాలి. నాటి పాలెములో వారికి నిచ్చెన లేదు. నేడు ఉన్నది. ఉన్నదని వారికి చెప్పేవారే తక్కువ.

డెబ్బదిరెండు కొత్తళములలో మాది ఏది అని వెదుక్కోవడం తప్పు కాదు. ఆ కొత్తళముమీద రాత్రంతా మేల్కొని కావలి కాచిన మనిషి ఎవరి కొడుకో ఎవరూ వ్రాసిపెట్టలేదు. అతడు మేల్కొని ఉన్నందునే కోటలోనివారు నిద్రపోగలిగారు. అట్టివారి సంతతి అని చెప్పుకోవడానికి మన పిల్లలకు తగిన శిక్షణ ఇప్పించడం కంటె మంచి మార్గం లేదు.